నీటిరంగులలో సముద్రతీరము

కాళిదాసు రచించిన అభిజ్ఞాన శాకుంతలమునందలి ఆఱవ అంకమున దుష్యంత మహారాజు శకుంతల రూపమును తన చేతితో చిత్రించి, దానిని చూచుచు దుఃఖించుచుండును. చిత్రమున ఇంకను వ్రాయవలసిన దేమున్నదను ప్రశ్న వచ్చినపుడు రాజు మొదట చెప్పినది మాలినీనది. ఆ నది యిసుకతిన్నెపై నిలిచిన హంసల జంట. రూపము ఎంత చక్కగా కుదిరినను, ఆమె పెరిగిన నీటియొడ్డు లేనిచో చిత్రము పూర్తికాదని ఆయన భావము. నీటి యంచును, తడిసిన ఇసుకను చిత్రమున నిలుపవలెనను కోరిక ఈ దేశమున నిన్న మొన్న పుట్టినది కాదనుటకు ఈ యొక్క ఘట్టము చాలును.

విష్ణుధర్మోత్తర పురాణము మూడవ ఖండమునందలి చిత్రసూత్రము ఇంకొక మెట్టు ముందునకు పోయినది. గాలి పోకడ ననుసరించి అలలను, అగ్నిజ్వాలలను, పొగను, జెండాలను వ్రాయగలవానినే చిత్రవిద్య తెలిసినవానిగా ఆ గ్రంథము లెక్కించినది. నిలిచియున్న వస్తువును వ్రాయుట సులభము. కదలిపోవుచున్న దానిని పట్టుట కష్టము. అల యనునది పుట్టుచుండగనే విఱుగును, విఱుగుచుండగనే ఇంకిపోవును. ప్రాచీనులు అలను చిత్రకారునికి పరీక్షగా నిలుపుట అందువలననే.

అజంతా గుహల గోడలపై నావలును, సముద్రయానములును కలవు. 17వ గుహలోని సింహళావదాన చిత్రము వానిలో ప్రసిద్ధము. అయినను అచట సముద్రము కథకు రంగస్థలము మాత్రమే. సముద్రతీరమునే వస్తువుగా గ్రహించి, దాని వెలుగును, గాలిని, తడిని చూపుటయే చిత్రమునకు పరమార్థమని భావించుట ఆధునిక కాలపు మార్గము. ఆ మార్గమునకు తగిన సాధనముగా నీటిరంగు పెంపొందినది.

నీటిరంగు అనగా మెత్తగా నూఱిన రంగుపొడిని బంకతో మెదిపి, నీటితో పలుచచేసి, కాగితముపై పూయునది. ఇందు కావలసిన వస్తువులేవియు తెలుగువారికి క్రొత్తవి కావు. బంకకు తుమ్మజిగురు, ఎఱుపునకు జేగురు, పసుపునకు హరిదళము, నలుపునకు కాటుక, నీలమునకు నీలిమందు. 12వ శతాబ్దిలో చాళుక్య చక్రవర్తి సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసమునందు శంఖచూర్ణము మొదలుకొని కాటుక వరకు చిత్రకారుని రంగులు వర్ణింపబడినవి. నీలిమందు ఒకప్పుడు కోరమాండలు తీరపు ఓడలకెక్కి దూరదేశములకు పోయిన సరకు. బందరు అద్దకపువారి కలంకారీ వస్త్రములకు నీలవర్ణమును సమకూర్చినదియు అదియే.

ఐనను నీటిరంగునకును, తైలవర్ణమునకును ఒక ముఖ్యభేదము కలదు. తైలవర్ణమున తెలుపు ఒక రంగు. దానిని ఎప్పుడైనను, దేనిపైనైనను పూయవచ్చును. నీటిరంగున తెలుపనగా కాగితమే. అలపై నురుగు కావలసినచోట చిత్రకారుడు ఏమియు పూయక కాగితమును కాగితముగానే విడువవలెను. ఒకసారి రంగు పడినపిమ్మట ఆ తెలుపు మరల రాదు. కొట్టివేతకు తావులేని చిట్టా వంటిదీ విద్య. కావున కుంచె ముంచుటకు ముందే ఎక్కడ వ్రాయవలెనో, ఎక్కడ వ్రాయరాదో నిశ్చయించుకొనవలెను.

ఇంగ్లండు దేశమున 18వ శతాబ్ది యుత్తరార్ధమున ఈ విద్య విశేషముగా వ్యాపించెను. రీవ్సు సోదరులు రంగులను చిన్న బిళ్ళలుగా పోసి అమ్మసాగిరి. లండనులోని కళల సంఘము 1781లో అందులకు వారిని సత్కరించెను. అంతవరకు రంగును నూఱుకొనుట చిత్రకారుని గదిలో జరుగవలసిన పని. బిళ్ళలు వచ్చిన పిమ్మట చిన్న పెట్టెను, కుంచెను చేతబట్టుకొని సముద్రపుటొడ్డునకే పోవచ్చును. 1804లో అచట నీటిరంగు చిత్రకారులకు ప్రత్యేకముగా ఒక సంఘము ఏర్పడెను. టర్నరు వంటి మహాచిత్రకారుడు (1775–1851) నీటిని, పొగమంచును, సూర్యకాంతిని ఈ పలుచని రంగులతోనే సాధించి ఖ్యాతి గడించెను. 1846 నాటికి తడిరంగులు లోహపు గొట్టములలో కూడ లభించెను.

ఈ సాధనము తెలుగుతీరమునకు వచ్చినది వర్తకుల ఓడలలోనే. ఛాయాగ్రహణము లేని ఆ కాలమున కోటను, రేవును, కొండను, తీరపు రూపురేఖను కంటబడినట్లు వ్రాసి యుంచుట పరిపాలకులకు అవసరమయ్యెను. అందుచేత సైనికోద్యోగులకు పటములు గీయుటతోబాటు దృశ్యములు వ్రాయుటయు నేర్పుచుండిరి. 1786లో కలకత్తాకు వచ్చిన థామసు డానియెల్, ఆయన సోదరుని కుమారుడు విలియం డానియెల్ దేశమంతయు తిరిగి, తమ చిత్రములను 1795 మొదలు 1808 వరకు 144 ముద్రణములుగా ప్రకటించిరి. జార్జి చిన్నరీ అను చిత్రకారుడు 1802 చివర మద్రాసునకు వచ్చి 1807 వరకు ఆ ప్రాంతమున నివసించెను. మద్రాసు తీరమందలి అలలును, పడవలును, పడవవారును ఆయన కుంచెకు ప్రియమైన వస్తువులైనవి.

ఆ దృశ్యమున నిజముగా చూడదగినది కలదు. అప్పటికి మద్రాసున ఓడలు వచ్చి ఒడ్డునకు చేరు రేవు కట్టడము లేదు. ఆ పని 1875 ప్రాంతమున గాని మొదలు కాలేదు. ఓడ దూరముగా లంగరు వేయగా, మనుష్యులను, సరకును మసూలా పడవలు అలల మీదుగా ఒడ్డునకు చేర్చుచుండెను. ఆ పడవకు ఇనుపమేకులు ఉండవు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. మేకు కొట్టిన దృఢమైన పడవ అల దెబ్బకు పగులగా, కుట్టిన పడవ అలతోబాటు వంగి బ్రదికి బయటపడును. ఆ పడవలును, తెప్పలును, వానిని నడిపిన బెస్తలును విదేశీయుల చిత్రములలో ఎన్నియో సార్లు కనిపింతురు. పడవ రూపము తెలియును, అల యెత్తు తెలియును, తెడ్డు పట్టిన తీరు తెలియును. తెడ్డు పట్టినవాని పేరు మాత్రము తెలియదు.

పేరు లేకపోవుట పడవవానికే కాదు, కుంచె పట్టిన స్థానికునకును తప్పలేదు. ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1780ల యందు విశాఖపట్టణమున నుండి, ఆ తీరమున దొరకు పాములను, చేపలను పరిశీలించెను. ఆయన ప్రకటించిన రెండువందల చేపల గ్రంథము 1803లో లండనున వెలువడెను. అందలి బొమ్మలకు మూలములు వ్రాసినది ఈ దేశపు చిత్రకారుడు. చేపల పేర్లను రస్సెల్ బెస్తలను అడిగి, వారు పలికిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. పిమ్మట ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్యువియే ఆ గ్రంథమును ఆధారముగా గొని, కొన్ని చేపలకు శాస్త్రనామములను ఆ తెలుగు పేర్లతోనే ఏర్పఱచెను. కానాగంత చేపకు ప్రపంచమంతట నేటికిని చెల్లుచున్న శాస్త్రనామమున కనగుర్త యను మాట నిలిచియున్నది. గోదావరి వారికి ప్రాణప్రదమైన పులసకు ఆయన 1829లో పెట్టిన పేరున పలస యను మాట చేరినది. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చేపకే అంతకు ముందున్న ఇలిశ యను పేరును స్థిరపఱచిరి. బెస్తవాని నోటి మాట ఈ విధముగా శాస్త్రమున ప్రవేశించినది. ఆ చేపను ఎదుట పెట్టుకొని, పొలుసు పొలుసును చూచి వ్రాసిన చిత్రకారుని పేరు మాత్రము చరిత్రలో నిలువలేదు.

కోనసీమకు ఇంకను దగ్గఱి చరిత్ర సామర్లకోటది. విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా పోవువరకు సామర్లకోట ప్రాంతమున నుండి ఈ తీరపు చెట్లను, తీగలను పరిశోధించెను. స్థానిక చిత్రకారులను జీతమిచ్చి నియమించి, ఒక్కొక్క మొక్కకు ఆకును, పువ్వును, కాయను నీటిరంగులతో వ్రాయించెను. వానిలోనుండి ఎంచిన 300 చిత్రములతో కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము మూడు సంపుటములుగా 1795 మొదలు వెలువడెను. విదేశమునుండి వచ్చిన రంగులబిళ్ళను ఈ నేల చేతులు ఎంత త్వరగా స్వాధీనము చేసికొన్నవో ఆ పుటలు చూపును. మొగలలచెంత మడచెట్లును, ఒడ్డున ప్రాకు తీగలును ఎఱిగిన కన్నులవి. కాని అచటను చిత్రకారుల పేర్లు మఱుగుపడినవి. గ్రంథము రాక్స్‌బర్గ్ పేర నిలిచెను.

పలివెల కొప్పులింగేశ్వరస్వామి యాలయమునకు వచ్చువారు స్తంభములపై చెక్కడపు పనితనమును చూచి మెచ్చుకొందురు గాని, ఉలి పట్టిన వాని పేరడుగువారు అరుదు. రాయికి కాలము కొంత గడువిచ్చును. కాగితమునకు ఆ గడువు లేదు.

తెలుగు చిత్రకారుడు తన పేరుతో తన కుంచెను పట్టిన కాలము 20వ శతాబ్ది. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డు కూల్డ్రే 1909 నుండి పది సంవత్సరములు అధ్యక్షుడుగా నుండెను. ఆయన స్వయముగా నీటిరంగు చిత్రకారుడు. స్వదేశమునకు పోయిన పిమ్మట 1924లో దక్షిణ హిందూదేశపు అనుభవములను గూర్చి గ్రంథమును ప్రకటించెను. ఆయన కంటబడి, ఆయన ప్రోత్సాహముతో పెరిగినవాడు దామెర్ల రామారావు. 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించి, 1916లో బొంబాయి జంషెట్జీ జీజీభాయి చిత్రకళాశాలలో చేరి విద్య ముగించి, స్వస్థలమునకు మరలి వచ్చి 1922లో చిత్రకళాశాలను నెలకొల్పెను. నీటిరంగులతోనే తన ముఖ్యచిత్రములను పెక్కింటిని వ్రాసెను. గోదావరి యొడ్డును, తూర్పుకనుమలను, నీళ్ళు చేదు స్త్రీలను ఆయన చిత్రించిన రీతిలో రేఖ స్పష్టము, రంగు నిర్మలము.

అదే కాలమున బందరునందు వేఱొక పద్ధతి వ్యాపించెను. 1910లో స్థాపింపబడిన ఆంధ్ర జాతీయ కళాశాలకు వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు చిత్రాచార్యుడై వచ్చెను. అవనీంద్రనాథ ఠాకూరు సంప్రదాయమునకు చెందిన తడుపు పద్ధతి ఆయనది. 1903లో కలకత్తాకు వచ్చిన జపాను చిత్రకారులు తైకాన్, షున్సో అను వారి పనిని చూచి అవనీంద్రుడు దానిని తన రీతికి అనుకూలముగా మలచుకొనెను. ఇందు పూసిన రంగు ఆరిన పిమ్మట కాగితమును నీట తడిపి, మరల రంగు పూసి, మరల తడుపుదురు. అంచులు కరగి చిత్రమంతయు మంచుతెర వెనుక నున్నట్లు తోచును. నవలారచయితగా ప్రసిద్ధుడైన అడివి బాపిరాజు (1895–1952) ఆ యాచార్యునికి శిష్యుడైన చిత్రకారుడు.

ఈ రెండు పద్ధతులును సముద్రతీరమునకు పనికివచ్చును; వేఱు వేఱు వేళలకు పనికివచ్చును. మాఘమాసపు ఉదయమున తూర్పున వెలుగు పొడుచునపుడు తడిసిన ఇసుక అద్దమువలె నుండును. పడవ అంచు, తెరచాప అంచు, కొబ్బరిమట్ట అంచు కత్తితో కోసినట్లు కనబడును. అప్పుడు రాజమహేంద్రవరపు స్పష్టరేఖ తగియుండును. ఆషాఢ శ్రావణములలో మబ్బు క్రిందికి వాలి, ఆకాశమును సముద్రమును వేఱుచేయు గీత మాయమగునపుడు బందరు తడుపు పద్ధతియే శరణ్యము.

అంతర్వేదిని ఉదాహరణముగా గైకొనవచ్చును. అచట వసిష్ఠ గోదావరి సముద్రమున కలియును. నదికిని, సాగరమునకును నడుమ నున్న ఇసుకపట్టును జనులు అన్నాచెల్లెళ్ళ గట్టని పిలుతురు. వరదకాలమున గట్టునకు ఒకవైపు నీరు ఎఱ్ఱమట్టిరంగు, వేఱొకవైపు నీలము కలిసిన ఆకుపచ్చ. దీనిని వ్రాయబూనిన చిత్రకారుడు మొదట క్షితిజరేఖను మట్టముగా గీయవలెను. ఆ గీత వంగినచో సముద్రము ఒలికిపోవుచున్నట్లు కనబడును. తరువాత నురుగు పట్టీని, పడవపై పడు ఎండను తెల్లగా విడిచి, ఆకాశమును తడికాగితముపై ఒక్క ఊపున పూయవలెను. ఎండిన కుంచెను గరుకు కాగితముపై ఒరయునట్లు లాగినచో గుంటలలో రంగు పడక, నీటిపై ఎండ మెఱపు దానంతట అదియే వచ్చును. జేగురు నదివైపు, నీలము సముద్రమువైపు పూసి, నడుమ రెండింటిని తడిలో కలియనిచ్చినచో కలిసినచోట ఏ రంగు పుట్టునో నీరే నిర్ణయించును. ఉప్పుగాలిలో తేమ హెచ్చుగా నున్నపుడు పూత ఆరదు. వడగాలిలో కుంచె ఎత్తకముందే ఆరిపోవును. ఇసుక రేణువు తడిరంగుపై పడినచో అచటనే అంటుకొనును. తీరమున కూర్చుండి వ్రాసిన చిత్రమును తాకి చూచినచో ఆ తీరపు ఇసుకయే చేతికి తగులుట కలదు.

ఇక ఈ విద్యలోని నష్టమును గూర్చి చెప్పవలెను. మొదటిది రంగు నష్టము. నీటిరంగులు వెలుగునకు వెలిసిపోవు రీతిని రస్సెల్, ఆబ్నీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పరీక్షించి 1888లో ఇంగ్లండున ఒక నివేదిక సమర్పించిరి. వెలుగునకు ఓర్వని రంగులలో నీలిమందు ఒకటి. ఈ తీరమే పండించి పంపిన నీలిరంగు పరదేశపు చిత్రములలోని ఆకాశములను, సముద్రములను నింపి, గోడపై ఎండ తగిలి వెలవెలబోయినది. జేగురు మన్ను కావున నిలిచినది; అందుచేత కొన్ని పాతచిత్రములలో నీలము పోయి, ఎఱుపు మాత్రము మిగిలి, మధ్యాహ్న మేదో సంధ్య యేదో తెలియకుండ పోయినది.

రెండవది తీరము నష్టము. లంకభూముల నెఱిగిన కోనసీమవారికి కోతయు, మేటయు క్రొత్తమాటలు కావు. ఒకయేడు పట్టాలో నున్న భూమి మఱొకయేడు ఏటిలో నుండును. సముద్రపుటొడ్డున ఈ లెక్క ఇంకను కఠినము. ఉప్పాడ తీరమున ఇండ్లును, వీథులును కడలిలో కలిసిపోవుచుండుట అందఱు ఎఱిగినదే. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమలోని కొబ్బరితోటల రూపమునే మార్చివేసెను. ఓడలరేవు అను పేరు వినిన వెంటనే రేవున నిలిచిన ఓడలు మనస్సున మెదలును. కాని ఆ తీరమున నేడు కనబడునది సహజవాయు కేంద్రము. పాత రేవు రూపమును జనులకు చెప్పుటకు ఊరిపేరే మిగిలినది. ఆ దినములలో ఎవ్వడేని ఒక చిన్న కాగితముపై రేవును వ్రాసి యుండినచో, అది నేడు ఏ దస్తావేజునకును తీసిపోని సాక్ష్యమై యుండెడిది.

మూడవది పేరు నష్టము. దీనిని గూర్చి ఇదివఱకే చెప్పబడినది. రంగు పోవుట వెలుగు చేయు పని, తీరము పోవుట సముద్రము చేయు పని. పేరు పోవుట మాత్రము మనుష్యుడు చేయు పని. కావున మూడింటిలో దీనినే ఆపుట సాధ్యము.

ఆపిన దృష్టాంతమును తెలుగుదేశముననే కలదు. దామెర్ల రామారావు 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచివలన మరణించెను. అప్పటికి ఆయనకు 28 సంవత్సరములు నిండలేదు. చిత్రకళాశాల పుట్టి మూడేండ్లు. అంత చిన్న వయస్సున పోయినవాని కాగితములు సాధారణముగా బంధువుల పెట్టెలలో చేరి, చెదలపాలగును. లేదా ఒక్కొక్కటిగా అమ్ముడుపోయి చెల్లాచెదరగును. అట్లు కాలేదు. భార్య సత్యవాణీదేవియు, మిత్రుడైన వరదా వెంకటరత్నమును ఆ చిత్రములను చేజారనీయలేదు. వెంకటరత్నము కళాశాలను నడిపి, శిష్యులను తయారుచేసెను. రాజమహేంద్రవరమున రామారావు పేర వెలసి, పిమ్మట ప్రభుత్వ పరమైన చిత్రశాలలో ఆ చిత్రములను నేటికిని చూడవచ్చును. విశాఖపట్టణపు చేపలను వ్రాసినవానికిని, సామర్లకోట తీగలను వ్రాసినవానికిని లేని భాగ్యము రామారావునకు అబ్బుటకు కారణము ప్రతిభ యొక్కటియే కాదు. ఆ యజ్ఞాతుల ప్రతిభ తక్కువదని వారి చిత్రములు చెప్పవు. దాచినవారు ఉండుటయే భేదము.

గ్రంథాలయమునకు ఈ చరిత్రతో గల సంబంధ మిదియే. గ్రంథాలయము అనునది పుస్తకములు కొని పెట్టు ఇల్లు మాత్రమే కాదు, దాచవలసిన దానిని దాచు ఇల్లు. కోనసీమ బడులలో చదువుకొను బాలబాలికలలో చేతిలో రంగులపెట్టె లేనివారు నేడు అరుదు. అంతర్వేది తీర్థమునకు పోయి వచ్చిన పిల్లవాడు సముద్రమును వ్రాయును. ఓడలరేవు చూచి వచ్చిన పిల్ల పడవను వ్రాయును. ఆ కాగితములలో పెక్కు పొయ్యిలోనికో, చిత్తుబుట్టలోనికో పోవును. వానిలో ఏడాదికి పది మంచివి ఏరి, ఎండ తగులని చోట, చెమ్మ చేరని పెట్టెలో, ఒక్కొక్కదాని నడుమ మంచి కాగితము వేసి భద్రపఱచుట ఏ గ్రామ గ్రంథాలయమునకును భారము కాదు. ప్రతి చిత్రము వెనుకను మూడు విషయములు సీసపు పెన్సిలుతో వ్రాసి యుంచవలెను: ఏ తీరము, ఏ తేదీ, ఎవరు వ్రాసినది. సిరా చెమ్మకు పాఱును, పెన్సిలు పాఱదు.

ఇరువదియైదేండ్లు ఒక గ్రామము గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్యము కాదు. ఇంకొక యిరువదియైదేండ్లకు తీరము ఎచట నుండునో సముద్రమే యెఱుగును. అప్పటి చందాదారుడు ఆ పెట్టె తెఱచి, పాత తీరమును చూచి, కాగితము త్రిప్పి వెనుకనున్న పేరును చదువగలిగినచో, దుష్యంతుడు తన చిత్రమున కొఱతగా ఎంచిన నీటియొడ్డు ఈ సీమకు దక్కినట్లే.